కెనానా? నికానా?

మా ఇంటి జమాఖర్చులు రాసేది నేనే. మా నాన్న ఇప్పటికీ ఎర్ర అట్ట పుస్తకంలో రాస్తారు, నేను ఎక్సెల్‌లో రాస్తాను, అంతే తేడా. అద్దె, కరెంటు, సరుకులు, కారు, పాప, ఇండియా, ఇతరములు. పెళ్ళయి ఈ దేశం వచ్చిన దగ్గర్నుంచీ ఇవే గడులు. 2009 వేసవిలో, 750 డాలర్ల ఖర్చొకటి ఏ గడిలో వేయాలో తేలక రెండు వారాల పాటు ఖాళీగా వదిలేశాను. మొదటిసారి డిజిటల్ ఎస్సెల్లార్ కెమెరా కొన్న ఖర్చది.

అది కొనడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ మా ఇంట్లో "కెనానా? నికానా?" తప్ప వేరే మాట లేదు. మీలో ఎవరైనా ఇప్పుడు అదే ప్రశ్న దగ్గర ఆగి ఉంటే, నేను తిరిగిన చుట్టుదారి మీకు తప్పుతుందని ఇదంతా రాస్తున్నాను.

అసలు కథ మా నాన్న కంటి దగ్గర మొదలైంది. ఆ ఏడాది సంక్రాంతి వెళ్ళాక గుంటూరులో ఆయనకి శుక్లాల ఆపరేషన్ జరిగింది. మార్చిలో మా పాప మూడో పుట్టినరోజు. ఎప్పట్లాగే ఫొటోలు నెట్‌లో పెట్టాను, మా తమ్ముడు బ్రాడీపేటలో ప్రింట్లు వేయించి నాన్నకిచ్చాడు. ఫోన్లో నాన్న "బాగున్నాయమ్మా" అన్నారు, అంతకు మించి ఏమీ అనలేదు. నెల తర్వాత అమ్మ నవ్వుతూ అసలు సంగతి చెప్పింది. పాప ముఖం మీద పొగ కమ్మినట్టు కనపడుతోందని, ఆపరేషన్ సరిగా కుదరలేదేమోనని, ఎవరికీ చెప్పకుండా ఆయన రెండుసార్లు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చారట. రెండోసారి ఫొటోలు కూడా పట్టుకెళ్ళారట. డాక్టరుగారు బోర్డు మీద అక్షరాలన్నీ చదివించి, ఫొటో చేతిలోకి తీసుకుని, "మాస్టారూ, మీ కన్ను నిక్షేపంలా ఉంది. ఫొటోయే మసక" అన్నారట.

అమ్మతోపాటు నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాక కంప్యూటర్ ముందు కూర్చుని ఆ పుట్టినరోజు ఫొటోలన్నీ మళ్ళీ చూశాను. రెండు వందల పైన ఉన్నాయి. పాప ముఖం స్పష్టంగా వచ్చినవి పదకొండు. ఆ పదకొండింట్లోనూ ఫ్లాష్ పడి గోడ తెల్లగా, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కేకు కోసేటప్పుడు పిల్ల పకపకా నవ్వింది, నాకు బాగా గుర్తుంది. నేను బటన్ నొక్కాను, కెమెరా ఒక క్షణం ఆలోచించుకుని అప్పుడు తీసింది. ఫొటోలో పాప జడ మాత్రమే ఉంది.

మా నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు. మా చిన్నప్పుడు ఆయన దగ్గర ఆగ్ఫా క్లిక్ త్రీ ఉండేది. రీలుకి పన్నెండు ఫొటోలు. ఇంట్లో ఒక్క ఫొటో కూడా తీసేవారు కాదు. "వెలుతురు చాలదమ్మా, డాబా మీదకి రండి" అని పొద్దున్నే ఎనిమిదింటికి నిలబెట్టేవారు. చాదస్తం అనుకునేవాళ్ళం. ఆ పన్నెండింట్లో పది శుభ్రంగా వచ్చేవి. నేను రెండు వందలు తీసి, అందులో ఆయన మనవరాలి ముఖం ఆయనకి కనపడకుండా చేశాను.

ఆ రాత్రి మావారితో చెప్పాను. "మంచిది కొనుక్కోవోయ్. మా ఆఫీసులో సగం మంది దగ్గర ఎస్సెల్లార్లే" అన్నారు.

"ఎంతవుతుందండీ?"

"ఏడెనిమిది వందలు కావచ్చు. ఏది కావాలో చూసుకో. నీ ఇష్టం."

ఆ "నీ ఇష్టం" దగ్గరే నాకు కాళ్ళాడలేదు. 750 డాలర్లంటే అప్పటి లెక్కలో 36 వేల రూపాయలు. నాన్న రిటైరయ్యేనాటికి ఆయన నెల జీతం అందులో సగం ఉండేది కాదు. పెళ్ళికి ముందు నేను ఒక ఏడాది జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పాను. మొదటి జీతంతో అమ్మకి చీర కొంటే ఎవరినీ అడగలేదు, ఎవరికీ లెక్క చెప్పలేదు. ఇక్కడికి హెచ్-4 మీద వచ్చాను. అప్పట్లో పని చేయడానికి వీలుండేది కాదు. ఈ సంగతి మీలో చాలామందికి నేను చెప్పక్కర్లేదు. మావారు ఏనాడూ "ఎందుకు కొన్నావు" అని అడిగిన మనిషి కాదు. అయినా ఈ ఆరేళ్ళలో నేను కొన్న ప్రతి వస్తువుకీ ఒక కారణం సిద్ధంగా పెట్టుకునేదాన్ని. పాప కోసం, ఇంటి కోసం, సేల్‌లో వచ్చింది, కూపన్ ఉంది. ఇంత పెద్ద ఖర్చుకి ఏ కూపనూ సరిపోదు. రేపు ఆ కెమెరా అల్మారాలో పడి ఉంటే? దానితోనూ ఫొటోలు మసగ్గానే వస్తే? అందుకని ఎవరూ వేలెత్తి చూపలేనంత గట్టిగా పరిశోధన చేయాలనుకున్నాను. ఎవరూ చూపబోవడం లేదని నాకూ తెలుసు.

ఎక్సెల్‌లో ఇంకో షీట్ తెరిచాను. అడ్డంగా కెమెరాలు: కెనాన్ రెబెల్ ఎక్స్‌ఎస్‌ఐ, కొత్తగా వచ్చిన రెబెల్ టి1ఐ, నికాన్ డి60, కొత్తగా వచ్చిన డి5000. ఆశకి హద్దు లేదు కాబట్టి చివర్లో డి90. నిలువుగా మెగాపిక్సెళ్ళు, బరువు, తెర సైజు, ఫోకస్ బిందువులు, వీడియో ఉందా లేదా, ధర. ఇలా నలభై వరసలయ్యాయి. మావారు వెనక నుంచి చూసి "పీహెచ్‌డీ చేస్తున్నావా ఏంటి?" అన్నారు. సరదాకే అన్నారు. నాకు మాత్రం ఎక్కడో తగిలింది.

ఒక శనివారం బ్రిడ్జ్‌వాటర్ గుడికి వెళ్ళి, అటునుంచి స్నేహితులింట్లో భోజనాలకి వెళ్ళాం. మావారు ఊరుకోక "మా ఆవిడ కెమెరా కొంటోంది" అన్నారు. అంతే, పులిహోర పళ్ళేలు పట్టుకుని మగవాళ్ళందరూ రెండు జట్లుగా విడిపోయారు. మా చిన్నప్పుడు మా వీధిలో ఎన్టీఆర్ అభిమానులు, ఏఎన్నార్ అభిమానులు అరుగుల మీద వాదించుకునేవారు, అచ్చం అలాగే. "కెనాన్‌లో మన చర్మం రంగు బాగా వస్తుంది" అని ఒకాయన. "నికాన్ పట్టుకుంటే చేతికి ఇమిడినట్టుంటుంది" అని ఇంకొకాయన. మధ్యలో ఒకాయన సోనీ, పెంటాక్స్ పేర్లెత్తారు. చెయ్యి వణికినా ఫొటో చెదరకుండా ఆపే ఏర్పాటు వాటిలో కెమెరా లోపలే ఉంటుందని, కెనాన్‌లో, నికాన్‌లో అయితే లెన్స్ లెన్స్‌కీ విడిగా కొనాలని. మంచి మాటే. కానీ ఆయన వైపు జట్టు లేకపోవడంతో ఎవరూ వినలేదు.

ఎవరి అత్తగారో ఒక పెద్దావిడ, ఇండియా నుంచి వచ్చి రెండు వారాలు కూడా కాలేదట, సోఫాలో కూర్చుని ఇదంతా విని, "అది సరే నాయనా, ఇంతకీ ఈ అమ్మాయి దేన్ని ఫొటో తీస్తుందిట?" అన్నారు.

అందరూ ఒక్క నిమిషం ఆగి నా వైపు చూశారు. నేను నోరు తెరిచేలోపు మళ్ళీ మెగాపిక్సెళ్ళలో పడ్డారు.

ఇంటికొచ్చి ఆ ప్రశ్నకి జవాబు నా షీట్ పైన రాశాను. పాపని. ఇంట్లో. సాయంత్రం. బల్బు వెలుతురులో. కదులుతుండగా. ఈ అయిదు ముక్కలూ రాసుకున్నాక నలభై వరసల్లో ముప్పై దాకా నాకు పనికిరానివని తేలింది. సెకనుకి ఎన్ని ఫొటోలు తీస్తుందో నాకెందుకు? గోడ నిండా పట్టేంత ప్రింట్లు ఎవరేయిస్తారు? నాన్న వేయించేది నాలుగు అంగుళాల, ఆరంగుళాల ప్రింట్లు. వాటికి ఆరు మెగాపిక్సెళ్ళు చాలు. మిగిలింది వెలుతురు లెక్క ఒక్కటే.

ఆ లెక్క నాకు వచ్చు. పదో తరగతి దాకా తెలుగు మీడియం కాబట్టి నాకు లెన్స్ అంటే కుంభాకార కటకం, ఫోకల్ లెంగ్త్ అంటే నాభ్యంతరం. కొవ్వొత్తి ఒకవైపు, తెర ఒకవైపు, మధ్యలో కటకాన్ని జరుపుతూ జ్వాల తలకిందులుగా తెరమీద పడేదాకా చూసిన ల్యాబ్ ఇంకా కళ్ళకి కట్టినట్టుంది. లెన్సుల మీద రాసే 50 ఎం.ఎం., 35 ఎం.ఎం. ఆ నాభ్యంతరమే. దాని పక్కన ఎఫ్/1.8, ఎఫ్/5.6 అని ఉండే సంఖ్య చూసి చాలామంది భయపడతారు. నాభ్యంతరాన్ని లోపలున్న రంధ్రం వ్యాసంతో భాగిస్తే వచ్చేదే ఆ సంఖ్య. కెమెరాతోపాటు వచ్చే 18-55 లెన్స్‌ని పూర్తిగా 55కి జూమ్ చేస్తే ఎఫ్/5.6. అంటే రంధ్రం సుమారు 10 మిల్లీమీటర్లు, చొక్కా గుండీ అంత. అదే 50 ఎం.ఎం. ఎఫ్/1.8 లెన్స్‌కి 28 మిల్లీమీటర్లు, మన పాత పెద్ద రూపాయి బిళ్ళంత. ఎఫ్ సంఖ్య తగ్గేకొద్దీ వెలుతురు పెరుగుతుంది, అదీ వర్గం లెక్కన. 5.6ని 1.8తో భాగించి వర్గం చేస్తే 9.7. దాదాపు పది రెట్లు!

అంటే నా హాల్లో రాత్రిపూట మామూలు లెన్స్‌కి సెకనులో పదిహేనో వంతు సేపు షట్టరు తెరిచి ఉంచాల్సి వస్తే, ఈ లెన్స్‌కి సుమారు నూట నలభై అయిదో వంతు చాలు. పదిహేనో వంతులో మూడేళ్ళ పిల్ల తల తిప్పేస్తుంది. నూట నలభై అయిదో వంతులో తిప్పలేదు. నాన్నకి కనపడ్డ పొగ ఆ తేడాయే.

సెన్సర్ లెక్క కూడా వేశాను. మా పాత చిన్న కెమెరాలో అది 25 చదరపు మిల్లీమీటర్లు. ఎస్సెల్లార్‌లో కెనాన్‌ది సుమారు 330, నికాన్‌ది సుమారు 370. వాన కురిసేటప్పుడు వాకిట్లో గ్లాసు పెట్టడానికీ గంగాళం పెట్టడానికీ ఉన్న తేడా. రెండు బ్రాండ్లదీ గంగాళమే. మెగాపిక్సెళ్ళంటే ఆ గంగాళంలో ఎన్ని అరలు కట్టారన్నదే. అరలు ఎక్కువైనంత మాత్రాన వాన ఎక్కువ పడదు.

రాత్రి పదకొండున్నరకి డైనింగ్ టేబుల్ మీద, పాప క్రేయాన్‌తో, కరెంటు బిల్లు వెనక ఈ లెక్క చేశాను. ఎన్నేళ్ళకో ఒక లెక్క చేసి, జవాబు సరైనదని నాకు నేనుగా తెలుసుకోవడం. అది కెమెరా కన్నా ఎక్కువ సంతోషమేసింది. మావారిని నిద్రలేపి మరీ చెప్పాను. పాపం, ఆయన "వర్గం... ఊఁ... బాగుంది" అని మళ్ళీ పడుకున్నారు.

ఇక కెనానా, నికానా అన్నది తేలాల్సింది ఇక్కడే. మన పెళ్ళిళ్ళలో పెద్దవాళ్ళు అబ్బాయితోపాటు ఇల్లూ వాకిలీ, అన్నదమ్ములు, ఆడబిడ్డలు అందర్నీ విచారిస్తారు కదా, కెమెరా విషయంలోనూ అలాగే విచారించాలి. కెమెరా నాలుగైదేళ్ళలో పాతబడుతుంది. లెన్సులు ఇరవై ఏళ్ళయినా ఉంటాయి. ఒకరి లెన్స్ ఇంకొకరి కెమెరాకి పట్టదు. మొదటి కెమెరాతో మనం ఒక ఇంటి కోడలమైపోతాం.

ఆ రెండిళ్ళ చరిత్ర చదువుతుంటే నవ్వొచ్చింది. నికాన్ పెద్దది. 1917లో నిప్పన్ కోగకు అనే పేరుతో మొదలైంది. కెనాన్ 1933లో టోక్యోలో ఒక చిన్న ప్రయోగశాలగా పుట్టింది. వాళ్ళు తయారుచేసిన తొలి నమూనా కెమెరా పేరు క్వానన్. కరుణకి ప్రతిరూపమైన బౌద్ధ దేవత జపాన్ పేరది. మన అవలోకితేశ్వరుడే. అమరావతి వైపుదాన్ని, ఆ పేరు చూస్తే చుట్టం కలిసినట్టనిపించింది. 1936లో వాళ్ళు అమ్మకానికి పెట్టిన తొలి కెమెరా హాన్సా కెనాన్. దానికి లెన్స్ ఎవరిదనుకున్నారు? నిప్పన్ కోగకు వాళ్ళు చేసిన నిక్కోర్! అంటే మొదటి కెనాన్‌కి కన్నిచ్చింది నికాన్ వాళ్ళే. ఈ సంగతి ఆ పులిహోర జట్లకి చెప్పాలనిపించింది.

తర్వాత దారులు వేరయ్యాయి. నికాన్ 1959లో పెట్టుకున్న లెన్స్ బిగింపునే అప్పటిదాకా కాపాడుకుంటూ వచ్చింది. తాతలనాటి ఇంటికే గదులు వేసుకుంటూ పోయినట్టు. కెనాన్ 1987లో పాతిల్లు మొత్తం వదిలేసి కొత్తది కట్టుకుంది. పాత లెన్సులున్నవాళ్ళకి కష్టమే అయ్యుంటుంది. కానీ ఆ కొత్తింట్లో ఫోకస్ చేసే మోటారు ప్రతి ఆటోఫోకస్ లెన్స్ లోపలా పెట్టారు. నికాన్ వాళ్ళ పాత ఆటోఫోకస్ లెన్సుల్లో మోటారుండదు, కెమెరా లోపలి మోటారే వాటిని తిప్పాలి. 2006లో వచ్చిన డి40 నుంచి చిన్న కెమెరాల్లో ఆ మోటారు తీసేశారు. డి60లో లేదు, డి5000లో లేదు, డి90లో ఉంది. అంటే నికాన్ వాళ్ళ అప్పటి చవకైన 50 ఎం.ఎం. ఎఫ్/1.8 తెచ్చి డి60కి పెడితే ఫొటో తీస్తుంది కానీ ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. పరిగెత్తే పిల్ల వెనక నేను చేత్తో ఏం తిప్పను?

దీనికి విరుగుడుగా నికాన్ వాళ్ళు 2009లోనే మోటారున్న 35 ఎం.ఎం. ఎఫ్/1.8 తెచ్చారు. మంచి లెన్స్, అప్పట్లో 200 డాలర్లు. నేను వెతికిన రోజుల్లో ఎక్కడ చూసినా "స్టాకు లేదు" అనే ఉంది. కెనాన్ 50 ఎం.ఎం. ఎఫ్/1.8 అయితే అప్పట్లో వంద డాలర్ల లెన్స్. ఒళ్ళంతా ప్లాస్టిక్, 130 గ్రాములు, అయినా ఏ రెబెల్‌కి పెట్టినా తనే ఫోకస్ చేసుకుంటుంది.

డి5000కి లెన్స్‌తో కలిపి అప్పట్లో 850, టి1ఐకి 900. అవి కొంటే ఇంకో లెన్స్‌కి డబ్బు మిగలదు. పాతబడ్డ మోడల్ ఎక్స్‌ఎస్‌ఐ, ధర తగ్గి లెన్స్‌తో 600 పైచిలుక్కి వచ్చేది. దానికి ఈ వంద కలిపితే నా బడ్జెట్. వీడియో ఉండదు. వీడియోకి మా దగ్గర పాత హ్యాండీకామ్ ఉంది. కొత్త కెమెరా, మామూలు లెన్స్ కన్నా పాత కెమెరా, మంచి లెన్స్ నాకు నయమని నిర్ణయించుకున్నాను.

ఇక్కడో తెలివితక్కువ పని కూడా చేశాను, దాచడమెందుకు. ఒక వెబ్‌సైట్‌లో అదే కెమెరా 150 డాలర్లు తక్కువకి కనపడితే ఆర్డరు పెట్టేశాను. మర్నాడు ఫోన్ వచ్చింది. "మేడమ్, బ్యాటరీ, ఛార్జరు విడిగా కొనాలి" అని. పెట్టెలో కంపెనీవాళ్ళే పెట్టి ఇచ్చే వస్తువులవి! వద్దంటే "అయితే స్టాకు లేదు" అన్నాడు. రద్దు చేయించుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. గ్రే మార్కెట్ అనే ఇంకో బెడద కూడా ఉంది. వేరే దేశంలో అమ్మాల్సిన సరుకుని ఇక్కడ తెచ్చి అమ్ముతారు, అమెరికా వారంటీ ఉండదు. ధర మరీ తక్కువగా ఉంటే "అమెరికా వారంటీ ఉందా? పెట్టెలో ఏమేమున్నాయి?" అని రెండు ముక్కలు అడగండి.

ఆ దెబ్బతో ఏదైనా చేత్తో పట్టుకుని చూసి కొనాలనుకున్నాం. ఎడిసన్‌లో రైలెక్కి న్యూయార్క్ పెన్ స్టేషన్‌లో దిగితే, 34వ వీధిలో నడిచి వెళ్ళేంత దూరంలో తొమ్మిదో ఎవెన్యూ మీద బీ అండ్ హెచ్ దుకాణం. నడిపేవాళ్ళు యూదులు, శనివారం మూసేస్తారు కాబట్టి ఆదివారం వెళ్ళాం. కెమెరాలకి తిరుపతి అనుకోండి. తలెత్తి చూస్తే పైకప్పు కింద ఆకుపచ్చ డబ్బాలు పట్టాల మీద బారులుగా వెళ్తుంటాయి. మనం ఒక కౌంటర్ దగ్గర అడిగిన వస్తువు ఆ దారిన ఊరేగింపుగా ఇంకో కౌంటర్‌కి చేరుతుంది. మా పాప ఆ డబ్బాలకి టాటా చెప్తూ ఉండిపోయింది.

కౌంటర్‌లో పెద్దాయన రెండు కెమెరాలు ముందు పెట్టి, "ఎవరు వాడతారు?" అని అడిగారు. నేను మావారి వైపు చూశాను. ఎందుకు చూశానో తెలీదు. ఆయన నన్ను చూపించారు. పెద్దాయన రెండూ నా వైపు జరిపి "కన్నుకి ఆనించి, ముప్పై సెకన్లు అలాగే ఉంచండి" అన్నారు. మావారికి నికాన్ నచ్చింది, పట్టు నిండుగా ఉందని. నా చేతులు చిన్నవి, ఎక్స్‌ఎస్‌ఐ నా అరచేతిలో కూర్చుంది. చూపుడువేలు వెతుక్కోకుండా బటన్ మీదకి వెళ్ళింది. మూడు నెలల షీట్ చెప్పని ఒక్క సంగతి ఆ ముప్పై సెకన్లలో తేలింది. "నాకు ఇది కావాలి" అన్నాను. పాపకి అనలేదు, ఇంటికి అనలేదు. మావారు నవ్వి కార్డు తీయబోతే, నా పర్సులోంచి నేనే తీశాను. అదే ఖాతా, అదే కార్డు. అయినా నేనే తీశాను.

ఆ తర్వాత అంతా సజావుగా సాగిందని మాత్రం చెప్పను. కెనాన్‌లో సెన్సర్ చిన్నది కావడంతో 50 ఎం.ఎం. లెన్స్ 80లాగా చూస్తుంది. మా అపార్ట్‌మెంట్ హాల్లో పాప మొత్తం ఫ్రేములో పట్టాలంటే నేను వెనక్కి వెనక్కి నడిచి వంటింట్లో స్టవ్వుకి ఆనుకోవాలి. ఒకసారి చున్నీ చివర పప్పు గిన్నెలో పడింది. ఆ స్టాకు లేని నికాన్ 35 నిజానికి మా ఇంటికి బాగా సరిపోయేదని అప్పుడు ఒప్పుకున్నాను. ఇంకొకటి, ఎఫ్/1.8లో అయిదడుగుల దూరం నుంచి తీస్తే స్పష్టంగా వచ్చే మందం ఆరు సెంటీమీటర్లే. మొదటి వారం తీసిన పేరంటం ఫొటోలో ముందున్నావిడ ముక్కుపుడక తళతళలాడుతోంది, వెనకున్న అయిదుగురూ అలుక్కుపోయారు. ఒక్కరిని తీసేటప్పుడు 1.8, నలుగురుంటే 4 లేదా 5.6 అని వంటింటి ఫ్రిజ్ మీద కాగితం అంటించుకున్నాను. నెల తిరిగేసరికి కాగితం చూడాల్సిన పని లేకపోయింది.

నలభై ఫొటోలు ఎంచి గుంటూరు పంపాను. పడగ్గది దీపం వెలుతురులో పాప పుస్తకం చూస్తున్నదొకటి ఉంది, కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. ఆ ఆదివారం నాన్నే ఫోన్ చేశారు.

"ఇది డాబా మీద తీసింది కాదు కదమ్మా?"

"కాదు నాన్నా, ఇంట్లో. రాత్రి ఎనిమిదింటికి."

"ఫ్లాష్ లేకుండానా? అపెర్చర్ ఎంత?"

చెప్పాను. లెక్క కూడా చెప్పాను, 9.7 దాకా. అవతల కాసేపు నిశ్శబ్దం. లెక్క సరిచూస్తున్నారని నాకు తెలుసు. "కరెక్టే" అన్నారు. ఆ తర్వాత "ఇన్ని ఫొటోల్లో నువ్వెక్కడా లేవేమమ్మా?" అన్నారు.

అప్పటినుంచి నెలకొకసారి కెమెరాని పుస్తకాల దొంతర మీద పెట్టి, పది సెకన్ల టైమరు వేసి, పరుగెత్తుకొచ్చి కూర్చుంటున్నాను. సగం ఫొటోల్లో నా జుట్టు చెదిరి ఉంటుంది. నాన్నకి అవే ఇష్టమట.

మన దేశంలో తొలి మహిళా పత్రికా ఛాయాగ్రాహకురాలు హోమాయ్ వ్యారావాలా గురించి ఈ మధ్య చదివాను. మొదట్లో ఆవిడ తీసిన ఫొటోలు భర్త పేరుతో అచ్చయ్యేవట. ఆవిడెక్కడ, నేనెక్కడ! కానీ అది చదువుతుంటే నా ఎక్సెల్ షీట్‌లో ఖాళీగా ఉంచిన గడి గుర్తొచ్చింది. ఆ ఖర్చుని "పాప"లో వేద్దామని మొదట అనుకున్నాను. నిజంగా పాప ఫొటోల కోసమేగా. తర్వాత "ఇండియా"లో వేద్దామనుకున్నాను, నాన్న కోసమని. రెండూ అబద్ధం కాదు. కానీ డైనింగ్ టేబుల్ దగ్గర కరెంటు బిల్లు వెనక చేసిన లెక్క పాప కోసమూ కాదు, నాన్న కోసమూ కాదు.

"ఇతరములు" పక్కన ఇంకో గడి చేర్చి, పైన నా పేరు రాసి, కింద 750 వేశాను. నెలాఖరున మావారు షీట్ చూసి, "ఈ గడి ఇన్నాళ్ళూ లేదేంటి?" అన్నారు.

"ఇప్పుడుందిగా" అన్నాను.

కెనానా, నికానా అని నన్నడిగితే ఇప్పుడు నేను చెప్పేది ఇంతే. దేన్ని తీస్తారో, ఏ వెలుతురులో తీస్తారో ముందు కాగితం మీద రాసుకోండి. ఆ వెలుతురుకి సరిపడే లెన్స్ ఏ ఇంట్లో మీ డబ్బుకి దొరుకుతుందో చూడండి. దుకాణానికి వెళ్ళి మీ చేత్తో పట్టుకోండి. ఆ తర్వాత షీట్ మూసేయండి. ఖర్చు రాసేటప్పుడు మాత్రం సరైన గడిలో రాయండి.